తాళం చెవి ఇచ్చేది మనమే

సాయంత్రం స్టడీ అవర్ అయ్యాక ఒక్కసారి బడి గేటు దగ్గర నిలబడి చూడండి. ఒక్క స్కూటీ మీద ముగ్గురు పిల్లలు. వీపున బరువైన బ్యాగులు, తల మీద హెల్మెట్ మాత్రం లేదు. ఆ బండి పిల్లలది కాదు, మనది. తాళం చెవి ఇచ్చిందీ మనమే.

"ట్యూషన్ దాకే కదా సార్" అంటారు చాలామంది తల్లిదండ్రులు. మీ ఇబ్బంది మాకు తెలియనిది కాదు. కానీ పెబ్బేరు, కొత్తకోట, ఎర్రవల్లి చౌరస్తాల దగ్గర 44వ జాతీయ రహదారి ఉంది. కల్వకుర్తి, అచ్చంపేటల వైపు శ్రీశైలం రోడ్డు ఉంది. ఎదురొచ్చే లారీకి మన అబ్బాయి ర్యాంకుతో పని లేదు.

చలానా వస్తే కట్టేద్దాం అనుకోవడం మనకు అలవాటైంది. 2022లో ద్విచక్ర వాహనాల పాత చలానాలపై 75 శాతం, 2023 డిసెంబర్‌లో 80 శాతం రాయితీ ఇచ్చారు. ఆగితే తగ్గుతుందని మనం నేర్చుకున్నాం. మనల్ని చూసి పిల్లలూ నేర్చుకున్నారు. 2017లో మన రాష్ట్రం తెచ్చిన పెనాల్టీ పాయింట్ల పద్ధతిలో మాత్రం 24 నెలల్లో 12 పాయింట్లు చేరితే లైసెన్సు ఏడాది పాటు సస్పెండ్ అయ్యేలా నిబంధన పెట్టారు.

మైనర్ల సంగతి ఇంకా వేరు. 2019 సెప్టెంబర్ 1 నుంచి అమల్లో ఉన్న మోటారు వాహనాల చట్టం 199ఎ సెక్షన్ ప్రకారం, మైనర్ బండి నడిపి నేరం చేస్తే తల్లిదండ్రులు లేదా బండి యజమాని దోషి. మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దు. పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. ఇంజినీరింగ్ పూర్తయి ఉద్యోగంలో చేరినా బండి ఎక్కడానికి వీలుండదు. మాకు తెలియకుండా తీసుకెళ్లాడంటే సరిపోదు, దాన్ని కోర్టులో మనమే నిరూపించుకోవాలి. ఎవరికైనా దెబ్బ తగిలితే, ఆ పరిహారం సొమ్మును బీమా కంపెనీ మన దగ్గరే రాబట్టుకోవచ్చు.

16 ఏళ్లకు లైసెన్సు ఇస్తారు కదా అని కొందరు అడుగుతారు. అది 50 సీసీ లోపు గేర్లు లేని బండికే. మన ఇళ్లలో ఉన్న స్కూటీలు దాదాపు అన్నీ 100 సీసీ దాటినవే.

తప్పంతా మీదే అనడం న్యాయం కాదు. చీకటి పడ్డాక స్టడీ అవర్ వదిలి, పిల్లలు ఇంటికెలా చేరతారో పట్టించుకోని బడులకూ ఇందులో వాటా ఉంది. బస్సు వేళలకు తగ్గట్టు స్టడీ అవర్ ముగించమని మమ్మల్ని గట్టిగా అడగండి. అడిగే హక్కు ఫీజు కట్టే మీకుంది. బండి మీద వచ్చిన మైనర్‌ను గేటు దగ్గరే ఆపి మీకు ఫోన్ చేస్తే మాత్రం కోపగించుకోకండి.

వాడు అలిగితే ఒక పూట అన్నం మానేస్తాడు. అంతకంటే పెద్ద కష్టం ఏ ఇంటికీ రాకూడదు.