బొటనవేలంత వీరుడు.. బొత్తామంత డాలు!

సైన్యం సిద్ధంగా ఉంది. గుర్రాలొచ్చేశాయి. ఈటెలు నిటారుగా నిలబడ్డాయి. ఇక యుద్ధం మొదలవడమే తరువాయి. కానీ సేనాపతిగారు మాత్రం వంటింట్లో చెత్తబుట్ట ముందు కూర్చుని ఖాళీ టమాటా పేస్టు ట్యూబు కోసం వెతుకుతున్నారు. ఎందుకంటారా? ముప్ఫై మంది సైనికులకు ఇంకా డాళ్లు లేవు మరి!

ఇదో ఆట. పేరు వార్‌గేమింగ్. చదరంగానికి దూరపు చుట్టం అనుకోవచ్చు. పెద్ద బల్ల మీద పచ్చగుడ్డ పరిచి కొండలూ వాగులూ ఇళ్లూ అమరుస్తారు. రెండు పక్షాలవాళ్లూ తమ బొమ్మ సైన్యాలను మోహరిస్తారు. టేపుతో కొలిచి సైనికులను ముందుకు నడిపిస్తారు. ఎవరు పడ్డారో ఎవరు నిలిచారో పాచికలు తేలుస్తాయి. 19వ శతాబ్దంలో ప్రష్యా సైన్యాధికారులు శిక్షణ కోసం ఆడిన ఇలాంటి ఆటను ఇంటి సరదాగా మార్చినవాళ్లలో ‘టైమ్ మెషీన్’ రచయిత హెచ్.జి.వెల్స్ ఒకరు. 1913లో ఆయన ‘లిటిల్ వార్స్’ పేరుతో రూల్సు పుస్తకమే రాశారు. ఆ ఆటలో బొమ్మ ఫిరంగి నిజంగానే చిన్న కట్టెముక్కను పేల్చేది! 1962లో డొనాల్డ్ ఫెదర్‌స్టోన్ రాసిన ‘వార్ గేమ్స్’ ఎందరినో ఈ ఆటవైపు లాగింది. ప్రాచీన యుద్ధాల అభిమానులైతే 1965లో ‘సొసైటీ ఆఫ్ ఏన్షియంట్స్’ అని సొంత సంఘమే పెట్టుకున్నారు. నాటింగ్‌హామ్ చుట్టుపక్కల బొమ్మల కంపెనీలు ఎంతగా పెరిగాయంటే ఆ ప్రాంతానికి ‘సీసం పట్టీ’ అని ముద్దుపేరు వచ్చింది. ఒకప్పుడు బొమ్మల్ని సీసంతో పోసేవారు కదా!

మొహం కాదు.. డాలే గుర్తు

ఎక్కువమంది వాడే సైనికుడు పాదం నుంచి కంటిదాకా 28 మిల్లీమీటర్లు. అంటే బొటనవేలి పై కణుపంత. అంత చిన్న మొహానికి మీసాలు ఎంత శ్రద్ధగా దిద్దినా మీటరు దూరం నుంచి చూసేవాడికి కనబడవు. కనబడేది డాలే. ఏథెన్సు వాడా, స్పార్టా వాడా అని చెప్పేదీ అదే. కానీ పెట్టెలో వచ్చే డాళ్లన్నీ చాలాసార్లు ఒకే అచ్చు. పాత బొమ్మల్ని చవగ్గా కొంటే ఆ డాళ్లూ పోయి ఉంటాయి. సైనికులు ఉత్త ఎడమచెయ్యి చాపుకొని బస్సు ఆపుతున్నట్టు నిలబడతారు. అందుకే సొంత తయారీ.

గ్రీకు కాల్బలపు డాలు దాదాపు 90 సెంటీమీటర్ల వెడల్పు. బొమ్మకూ మనిషికీ ఉన్న నిష్పత్తి ఇంచుమించు 56లో ఒకటి. లెక్కేస్తే 16 మిల్లీమీటర్లు... కోటు గుండీ అంత! టమాటా ట్యూబు పనికొచ్చేది ఇక్కడే. మన టూత్‌పేస్టు ట్యూబులు ప్లాస్టిక్‌గా మారిపోయినా యూరప్‌లో టమాటా పేస్టు అల్యూమినియం ట్యూబుల్లో దొరుకుతుంది. దాన్ని కోసి, కడిగి, చదును చేసి 16 మి.మీ. పంచ్‌తో నొక్కితే గుండ్రటి బిళ్ల తయారు. దాన్ని మెత్తటి రబ్బరు మీద పెట్టి, అంచు వదిలేసి, నడుమ గోళీతో తిప్పుతూ నొక్కాలి. బోర్లించిన మూకుడులా ఉబ్బుతుంది. ఆఫీసులో కాగితాలకు చిల్లులు పెట్టే పంచింగ్ మిషనూ వృథా పోదు. దాంతో వచ్చే 6 మి.మీ. బిళ్లలు 10 మి.మీ. సైనికులకు సరిగ్గా సరిపోతాయి.

రోమన్ల పొడవాటి వంపు డాలుకు పద్ధతి వేరు. అరమిల్లీమీటరు మందం ప్లాస్టిక్ షీటు ముక్కను పెన్సిలుకు చుట్టి, రబ్బరు బ్యాండు వేసి, సలసల కాగే నీళ్లలో ముంచాలి. వెంటనే చన్నీళ్లలో వేస్తే వంపు నిలిచిపోతుంది. అసలు డాలూ పలుచని పొరల పనే. సిరియాలోని దురా-యూరోపస్ తవ్వకాల్లో దొరికిన 3వ శతాబ్దపు రోమన్ డాలు ఇప్పుడు అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయ ఆర్ట్ గ్యాలరీలో ఉంది. పలుచటి చెక్క పేళ్లను పొరలు పొరలుగా అతికించి వంచారు దాన్ని. ఎత్తు 105.5 సెంటీమీటర్లు. బొమ్మకైతే 19 మిల్లీమీటర్లు చాలు.

వైకింగుల డాలు మధ్య ఉండే ఇనుప బొడిపెకు సగం కోసిన పూస, అంచుకు సన్నటి తీగ. పలకల గీతలు బ్లేడు మొనతో పడతాయి. చిన్న బొమ్మలకైతే డ్రాయింగ్ పిన్ను తలే డాలు. అయితే దాని మొన కత్తిరించేటప్పుడు ఎగిరి కంట్లో పడొచ్చు. పిల్లల చేతికి ఇవ్వకూడని పని ఇది. ఒక డాలు బాగా కుదిరితే దానికి కాస్త నూనె రాసి ముద్దలో నొక్కి అచ్చు తీసుకుంటారు. ఆ ముద్ద కుళాయి లీకైతే మనం పెట్టే ఎం-సీల్ లాంటిదే. పసుపు, నీలం పట్టీలు కలిపి పిసికితే ఆకుపచ్చగా మారి కొన్ని గంటల్లో గట్టిపడుతుంది. కొండపల్లి బొమ్మల పని చూసినవాళ్లకు చింతగింజల మక్కు గుర్తొస్తుంది.

ఇదంతా డబ్బు మిగలడానికే అనుకుంటే పొరపాటు. పెట్టే గంటలు లెక్కేస్తే కొనుక్కోవడమే చవక! పైగా ఇప్పుడు త్రీడీ ప్రింటరు ఉంటే రాత్రికి రాత్రి వంద డాళ్లు దిగుతాయి. అయినా ట్యూబులు కోసేవాళ్లు కోస్తూనే ఉన్నారు.

ఏ బొమ్మ వేయాలి?

అసలు తలనొప్పి రంగులతోనే. 1880లో నార్వేలో బయటపడిన గోక్‌స్టాడ్ వైకింగ్ ఓడకు పక్కకు 32 చొప్పున 64 డాళ్లు ఉన్నాయి. ఒకటి పసుపు, ఒకటి నలుపు. హమ్మయ్య అనుకుంటే, అది ఒక్క ఓడ సంగతే. మిగతావాటికి? రోమన్ల చివరి రోజుల దళాల డాళ్ల బొమ్మలు ‘నోటీషియా డిగ్నిటాటమ్’ అనే గ్రంథంలో వరసగా ఉన్నాయి. అయితే మూలం పోయింది, మిగిలినవి దాదాపు వెయ్యేళ్ల తర్వాతి నకళ్లు. ఆ రంగుల్ని ఎంత నమ్మాలో పండితులకే అనుమానం.

స్పార్టా అనగానే తలకిందులైన ‘వి’ లాంటి లాంబ్డా అక్షరం గుర్తొస్తుంది. 2007లో వచ్చిన ‘300’ సినిమా దాన్ని ఇంటింటికీ చేర్చింది. కానీ ఆ గుర్తుకు దొరికే పాత సాక్ష్యం క్రీ.పూ. 5వ శతాబ్దం చివరి భాగానిది. సినిమాలోని థర్మోపిలే యుద్ధం జరిగింది క్రీ.పూ. 480లో. అందుకే పట్టుదల ఉన్నవాళ్లు ఆ యుద్ధం ఆడేటప్పుడు లాంబ్డా మానేసి, ఒక్కో డాలు మీద ఒక్కో బొమ్మ వేస్తారు... కోడిపుంజు, ఎద్దు, పాముల జుట్టు రాక్షసి.

మరీ పట్టుదల ఉన్నవాళ్లకు ప్లూటార్క్ ఓ పరీక్ష పెట్టిపోయాడు. స్పార్టా వీరుడొకడు డాలు మీద ఈగ బొమ్మ వేయించుకున్నాడట. అదీ నిజం ఈగంతే! శత్రువు కంట పడకుండా ఉండటానికా అని తోటివాళ్లు ఎగతాళి చేశారు. కాదు, ఆ ఈగ ఎంతుందో అంతా కనబడేంత దగ్గరికి వెళ్తానని అతడు బదులిచ్చాడట. ఇప్పుడా వీరుణ్ణి 28 మిల్లీమీటర్లలో చేయాలి. ఏడు మిల్లీమీటర్ల ఈగను 56తో భాగిస్తే మిల్లీమీటరులో ఎనిమిదో వంతు. సన్నటి బ్రష్షు కొస కూడా లావే. నల్లరంగులో ముంచిన సూదిమొనతో ఒక్క చుక్క. ఎదుటి ఆటగాడికి అది ఎలాగూ కనబడదు. అడిగితే మాత్రం భూతద్దం ఇచ్చి మరీ చూపిస్తాడు సేనాపతి.