పొరల స్ఫటికమునకు పరికరమేది?

ఇబ్రహీంపట్నము మండలపు పల్లెలనుండి కోరుట్లకో జగిత్యాలకో పోయి భౌతికశాస్త్రము నభ్యసించు విద్యార్థికి అయస్కాంతత్వము పాఠ్యపుస్తకములోని సూత్రముగానే మిగిలిపోవుట మిక్కిలి శోచనీయము. ఏలయన, నేడు విజ్ఞానలోకము పరిశోధించుచున్న పొరల అయస్కాంతములలో నొకదానిని అతడు తన కళాశాల రసాయనశాలలోనే పెంచుకొనగలడు.

ఒక మోలు రాగి క్లోరైడునకు రెండు మోళ్ల ఇథైల్ అమోనియం క్లోరైడును చేర్చి నీటిలో కరగించి, పాత్రను కదపక మెల్లమెల్లగా ఆరనిచ్చినచో, పసుపుపచ్చని పలుచని రేకులు తేలును. సిరిసిల్లలో దొంతరగా పేర్చిన తానులవలె, అందు రాగి అయానుల పొరలు ఒకదానిపై నొకటి నిలిచియుండును. పొరలోపలి అయస్కాంతబంధము బలమైనది. పొరకును పొరకును నడుమ నున్నది అతిదుర్బలము. అందుచే సుమారు 10 కెల్విన్లకు చల్లార్చినగాని ఎలక్ట్రానుల స్పిన్లు, అనగా వాని సూక్ష్మ అయస్కాంతములు, క్రమమునకు రావు.

దిశనుబట్టి అయస్కాంతధర్మము మారుటయను దిశాభేదమే లేని ద్విపరిమాణ అయస్కాంతమున పరమశూన్యమునకు పైన క్రమము నిలువజాలదని 1966లో మెర్మిన్, వాగ్నర్ అను శాస్త్రజ్ఞులు నిరూపించిరి. అయినను క్రోమియం ట్రైఅయొడైడు యొక్క ఒంటిపొర 45 కెల్విన్ల వరకు అయస్కాంతముగనే యుండునని 2017లో తేలినది. దానిని నిలిపినది దిశాభేదమే. ఆ భేదమును పట్టియిచ్చు సాధనములలో, 1944లో కజాను నగరమున జవోయిస్కీ అను శాస్త్రజ్ఞుడు కనుగొనిన ఎలక్ట్రాను స్పిన్ అనునాదము ముఖ్యమైనది. స్ఫటికముపై సూక్ష్మతరంగములను ప్రసరింపజేసి అయస్కాంతక్షేత్రమును పెంచుచు పోగా, ఒకానొక విలువయొద్ద శక్తి శోషింపబడి రేఖ కనబడును. స్ఫటికమును కొంత త్రిప్పినంతనే ఆ రేఖ స్థానము జరుగును, వెడల్పు మారును.

మన ఎం.ఎస్సీ. ప్రయోగశాలలలో ఈ అనునాదమునకై డి.పి.పి.హెచ్. అను పదార్థపు పొడిని పరీక్షించి, రేఖాస్థానమును తెలుపు జి విలువ 2కు సమీపమని వ్రాసికొని ముగించుట వాడుక. పొడియందు దిశలన్నియు కలగలసిపోవును గనుక, అసలు విషయమే విద్యార్థి కంటబడదు. స్ఫటికసౌష్ఠవము భౌతికధర్మములను శాసించు తీరును వివరించుచు శాస్త్రజ్ఞులు భగవంతము, వేంకటరాయుడుగార్లు 1948లోనే వాల్తేరునుండి గ్రంథము వెలువరించిన దేశమిది. ఆ భగవంతముగారే పిమ్మట హైదరాబాదులోని ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు ఉపకులపతులైరి.

ప్రతి కళాశాలకును ఖరీదైన యంత్రమును కొనుమని నేననను. హైదరాబాదులోని విశ్వవిద్యాలయములు తమ అనునాద పరికరములయొద్ద జిల్లాల డిగ్రీ విద్యార్థులకు కొన్ని దినములు కేటాయింపవలెను. దారిఖర్చు ప్రభుత్వము భరింపవలెను. పెంచిన స్ఫటికమును విద్యార్థి తన చేతితోనే త్రిప్పి చూచుటకు అవకాశ మీయవలెను. కొలతలను మాత్రము కాగితముపై పంపినచో చాలదు.