సైకిల్ ఎక్కడానికీ ఒక సెక్షన్

పన్నెండేళ్ల తర్వాత మళ్లీ సైకిల్ కొన్నాను. రోజూ కాలేజీకి దాని మీదే. మొదటి వారం తొడలు పట్టేశాయి, చిన్న ఎత్తుకే ఆయాసం. ఇప్పుడిప్పుడే కాళ్లు దారికొస్తున్నాయి.

"ఫిట్‌నెస్ కోసమా సార్?" అని పిల్లలు అడుగుతున్నారు. అదీ మంచిదే. కానీ మిత్రులారా, పెద్దకులాల వీధి రాగానే సైకిల్ దిగి నడిపించుకుంటూ పోవాల్సిన రోజులు మన పెద్దలు చూశారు. రోడ్డు వాడుకోవడంలో కుల వివక్ష కూడదని రాజ్యాంగం 15వ అధికరణం 1950 నుంచీ చెబుతూనే ఉంది. అయినా ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణలో, మనల్ని సైకిల్ ఎక్కనీయకుండా అడ్డుకోవడం నేరమని విడిగా రాయాల్సి వచ్చింది. చెప్పులు, కొత్త బట్టలు, పెళ్లి ఊరేగింపు కూడా అక్కడే ఉన్నాయి. పార్లమెంటు కూర్చుని ఇది రాసిందంటే ఊళ్లు ఎలా ఉన్నాయో ఆలోచించండి.

1983లో కాన్షీరాం గారు డీఎస్-4 మాటను ఉత్తరాదిలో ఊరూరికీ మోసింది సైకిల్ మీదే. పెట్రోలుకు చందా అడగని బండి అది.

హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ వేశారు. సంతోషం. మరి తెల్లారుజామున డ్యూటీకి పోయే వాచ్‌మన్‌కు, హాస్టల్ నుంచి కాలేజీకొచ్చే అమ్మాయికి దారేది? మీ క్యాంపస్‌లో కనీసం సైకిల్ స్టాండ్ ఉందా? లేకపోతే ముందు అదే అడుగుదాం.

జై భీమ్.