ఆరోగ్యము: ఆడుబిడ్డల యెముకలు



ఎముక యనగానే మనకు ఱాతివంటి జడవస్తువు స్ఫురించును. ఎండి తెల్లనై పడియున్న దానినే చూచియుండుటచేత నట్లు తోచును గాని, దేహమందలి యెముక సజీవమైనది. దానియందు నెత్తురు ప్రవహించును. అది పెరుగును, అరుగును, విఱిగినచో మరల నతుకుకొనును.

మన ప్రాచీనులు ఎముకలను శ్రద్ధతో లెక్కించిరి. వేదవాదుల లెక్క 360 అనియు, శల్యతంత్రమున 300 మాత్రమే యనియు సుశ్రుతసంహిత తెలుపుచున్నది. నేటి వైద్యుల లెక్క 206. సుశ్రుతుడు దంతములను, ముక్కుచెవుల యందలి మెత్తని తరుణాస్థులను గూడ లెక్కలో జేర్చెను. భేదమునకు గల కారణములలో నిది యొకటి. పసిబిడ్డకు సుమారు 300 భాగములుండి, పెరుగుకొలది గొన్ని యొండొంటితో గలిసిపోవును.

ఎముకలో ముఖ్యముగ రెండు వస్తువులు గలవు. ఒకటి నారవంటి మాంసకృత్తు. రెండవది కాల్షియము, భాస్వరము గలిసిన గట్టి లవణము. నార లేనిచో నెముక పెంకువలె బగులును. లవణము లేనిచో దీగవలె వంగును. గోడమట్టిలో గడ్డి కలిపి త్రొక్కు మన పెద్దల నేర్పే యిందును గానవచ్చుచున్నది. పైపొర గట్టిగను, లోపల దేనెపట్టువలె గుల్లగను నుండుటచే బరువు తక్కువ, బలమెక్కువ. లోపలి మూలుగలో రక్తకణములు పుట్టుచుండును.

పిల్లల పొడుగాటి యెముకల కొనలయందు మృదులాస్థి యుండును. అది పెరిగి యెముకగా మాఱుచుండుటచేతనే బిడ్డ యెదుగును. ఈడు వచ్చిన కొన్నియేండ్లకు అదియు నెముకయై, పొడుగు నిలిచిపోవును. గట్టిదనము మాత్రము దాదాపు 30 ఏండ్ల వఱకు గూడుచుండును. అటుపై గూడిక కంటె వ్యయమే మెల్లగా హెచ్చును. ముట్లుడిగిన పిమ్మట స్త్రీలకది మఱింత త్వరితమగును.

కావున నెముక గాదె వంటిది. దేహమందలి కాల్షియములో నూటికి 99 పాళ్లు దానియందే నిలువయున్నది. గుండె కొట్టుకొనుటకును, కండరములు కదలుటకును రక్తమున గొంత కాల్షియము సదా యుండవలయును. ఆహారమున రానినాడు దేహము గాదె విప్పి తీసికొనును. గర్భిణికి జాలినంత తిండి లేకున్నచో, బిడ్డ కొఱకు దల్లి యెముకలే యప్పిచ్చుచుండును.

ఇంత తెలిసిన పిమ్మట, మన యిండ్లలోని యొక యలవాటును గుఱించి మేము చెప్పక యుండజాలము. పాలగిన్నె ముందుగా గొడుకు వద్దకు బోవును; కూతురికి నీళ్లమజ్జిగ మిగులును. కొడుకు ఎండలో బంతియాడును. ఈడేరిన కూతురిని నల్లబడుదువని నీడపట్టున గూర్చుండబెట్టుదుము. గాదె నిండవలసిన యేండ్లలోనే దానిని వెలితిగా విడిచి, అఱువదియవ యేట నామె గడపవద్ద జాఱి తుంటి విఱుగగా విధి యనుకొందుము. అది మన వడ్డనలోని దోషమని మేము తలచుచున్నాము.

చేయవలసినది కష్టము గాదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020 నాటి ప్రమాణముల ప్రకారము స్త్రీకి దినమునకు 1000 మిల్లీగ్రాముల కాల్షియము వలయును. పాలిచ్చు తల్లికి 1200. 100 గ్రాముల రాగులలో 300 మిల్లీగ్రాములకు బైగా గలదు. అంతే యావుపాలలో సుమారు 120. పాలు కొనలేనివారికి రాగిసంకటి, అంబలి గొప్ప యాధారము. సమర్తాడిన పిల్లకు నువ్వులు, బెల్లము దంచి చిమ్మిలి పెట్టు నాచారము మంచిదే. దానిని ఆ కొలది దినములతో నాపవలదు.

తిన్నది వంటబట్టుటకు డి విటమిను వలయును. ఎండ సోకిన చర్మమే దానిని జేయును. బరువు మోసిన యెముకయే బలియును. అంతరిక్షమున భారము తెలియక నెలలు గడపిన వ్యోమగాముల యెముకలు పలుచనగుటయే యిందుకు సాక్ష్యము. కావున తొక్కుడుబిళ్ల, తాడాట ఆడపిల్లలకు వృథాకాలక్షేపములు గావు.

సోదరీమణులారా, నేటి రాత్రి వడ్డించునపుడు కూతురి కంచమును గూడ నొకసారి చూడుడని మిమ్ము గోరుచున్నాము.