తాళం ఇచ్చారు సరే, బండి సంగతి ఎవరు చెబుతారు?

ఆడవాళ్లు బండి నడపడం ఇవాళ మా బొగ్గుబాయి ఊళ్లలో వింత కాదు. గోదావరిఖని చౌరస్తాలో పొద్దున పావుగంట నిలబడి చూడండి. పిల్లల్ని బడిలో దింపేవాళ్లు, సింగరేణి ఆసుపత్రిలో అత్తమామలకు మందులు తేవడానికి పోయేవాళ్లు, ఎన్టీపీసీ వైపు ఉద్యోగాలకు వెళ్లేవాళ్లు, లక్ష్మీనగర్‌లో సామాను కొని సంచులు తగిలించుకుని వచ్చేవాళ్లు ఎంతమందో! ఇంటాయన ఒక వారం ఫస్ట్ షిఫ్టు, ఒక వారం సెకండ్ షిఫ్టు, ఒక వారం నైట్ షిఫ్టు. ఆయన డ్యూటీలో ఉన్నప్పుడు ఆగేదీ, డ్యూటీ దిగి పడుకున్నప్పుడు ఆగేదీ సంసారం కాదు కదా. అందుకే బండి తాళం మన చేతికి వచ్చింది. దయతలిచి ఇచ్చిందేం కాదు, అవసరం ఇప్పించింది.

అయితే తాళంతో పాటు రావలసింది ఇంకొకటి ఉంది. అది ఇంకా రాలేదు. బండి ఎందుకు ఆగుతుందో, ఆగితే ఏం చూడాలో మనకెవరూ చెప్పరు. మనమూ అడగం. నడిచినంతసేపూ బండి మనది. ఆగిన మరుక్షణం అది మగవాళ్ల వ్యవహారం అయిపోతుంది!

ఈ మాట నేను ఊరికే అనడం లేదు. మా పక్క క్వార్టర్‌లో ఉండే చెల్లెలి వంటి ఆమె సంగతి చెబుతాను. వాళ్ల ఇంట్లో ఉన్నది ఒక్కటే బండి, గేర్ల మోటారు సైకిలు. కొని పదేళ్లు దాటింది. స్కూటీ వేరే కొనే స్తోమత లేక ఆమె ఆ గేర్ల బండే నేర్చుకుంది. నిరుడు ఎండాకాలం దానికి ఒక రోగం పట్టుకుంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఒక్క కిక్కుకే లేస్తుంది. మార్కెట్ దాకా ఝామ్మని పోతుంది. అక్కడ ఆపి పది నిమిషాల్లో కూరగాయలు కొనుక్కుని వచ్చి కిక్కు కొడితే ఉలకదు, పలకదు. అరగంట అయ్యాక మళ్లీ ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అవుతుంది. అంటే వేడి మీద మొరాయిస్తుంది, చల్లారితే బుద్ధిగా ఉంటుంది.

రామగుండం ఎండ సంగతి మీకు తెలియంది కాదు. మే నెలలో రాష్ట్రంలో ఎక్కువ ఎండ కాసిన ఊళ్ల పేర్లు చదివితే అందులో మా ఊరు తప్పకుండా ఉంటుంది. ఆ ఎండలో, బొగ్గు టిప్పర్లు పోయే రోడ్డు పక్కన, చీర కుచ్చెళ్లు ఎగదోపుకుని ఒకామె కిక్కు కొడుతుంటే చుట్టూ సలహాలకు కొదవా? "చోక్ గుంజు అక్కా!" అని ఒకరు, "బండి పడుకోబెట్టి లేపుండ్రి!" అని ఒకరు. ఎవరూ చెడ్డవాళ్లు కారు, సాయం చేద్దామనే వస్తారు. కాని వాళ్లు చెప్పేది సరైనదో కాదో తేల్చుకోవడానికి ఆమె దగ్గర ఏమీ లేదు.

మెకానిక్ దగ్గరికి పోయింది. "గరం మీద స్టార్ట్ అయితలేదు తమ్మీ" అంది. ఆ అబ్బాయి బండి వంక కూడా చూడకుండా, "సారును పంపియ్యిండ్రి అక్కా, మాట్లాడుత" అన్నాడు. సారు మర్నాడు నైట్ షిఫ్టు దిగి, పొద్దున చల్లటి వేళ బండి తీసుకుపోయాడు. అక్కడ ఏమయిందో ఊహించండి. బండి ఒక్క కిక్కుకే లేచింది! "ఏం లేదు సార్, ఆడోళ్లకు కిక్కు కొట్టరాదు" అని మెకానిక్ నవ్వాడు, సారూ నవ్వాడు. ఇంటికొచ్చి అదే మాట ఆమెకు అప్పజెప్పాడు.

రోగం చూసినవాళ్లెవరు, చెప్పేవాళ్లెవరు?

ఇక్కడే నాకు ఒళ్లు మండింది. పిల్లవాడికి రోజూ సాయంత్రం జ్వరం వస్తోంది. చూసేది తల్లి. డాక్టరు మాత్రం, "మీరొద్దు, ఆయన్ని పంపండి" అంటే ఎలా ఉంటుంది? ఆయన పొద్దున, పిల్లవాడు ఆడుకుంటున్నప్పుడు తీసుకుపోతే జ్వరం దొరుకుతుందా? వేడి మీద మాత్రమే కనిపించే జబ్బును చల్లటి బండిలో వెతికితే ఏం దొరుకుతుంది? చూసినావిడను ఇంట్లో కూర్చోబెట్టి, చూడని ఆయన చేత రిపోర్టు ఇప్పించారు.

అంతటితో అయిపోతే బాగుండును. ఆ నెలలో ప్లగ్గు మార్చారు. తరువాత కార్బురేటర్ కడిగారు. ఆ తరువాత కాయిల్ మార్చారు. మూడు సార్లు డబ్బు పోయింది, రోగం అట్లాగే ఉంది. చివరికి ఆమే ఒకరోజు మిట్టమధ్యాహ్నం, బాగా తిరిగి వేడెక్కిన బండితో ఇంకో షెడ్డుకు పోయి ఆపింది. "చల్లగుంటే ఒక్క కిక్కుకు లేస్తది. గరమైనంక ఆపితే లేవదు. అప్పుడు కిక్కు కూడ తేలికగ పోతది, కాలుకు బరువు తెలుస్తలేదు" అని చెప్పింది. ఆ పెద్దాయన బండి చెయ్యి పెట్టి చూశాడు. "టాపెట్లు పట్టినట్టున్నయమ్మా. చల్లారినంక సెట్ చెయ్యాలె, బండి ఇడిసి పో" అన్నాడు. సాయంత్రానికి బాగుచేసి ఇచ్చాడు. కొత్త సామాను ఏదీ పడలేదు. ఇప్పటిదాకా మళ్లీ ఆ గొడవ లేదు.

ఆమె చెప్పిన ఆ చివరి ముక్క, 'కిక్కు తేలికగా పోతోంది' అన్నది, జబ్బును పట్టించింది. ఆ మాట చెప్పగలిగింది కిక్కు కొట్టిన కాలే కదా!

ఇంతకీ వేడి మీద ఎందుకు మొరాయిస్తుంది?

ఇదేం బ్రహ్మవిద్య కాదు. మన వంటింటి భాషలో చెబుతాను. ఇంజిన్ లోపల పెట్రోలు ఆవిరి, గాలి కలిసిన మిశ్రమాన్ని గట్టిగా అదిమి, ప్లగ్గు నిప్పురవ్వ వేస్తే బండి లేస్తుంది. అంటే కావలసినవి మూడే: పెట్రోలు–గాలి పాళ్లు, అదుము, నిప్పు. వేడి ఈ మూడింటిలో ఏదో ఒకదాన్ని చెడగొడుతుంది.

మొదటిది అదుము. పొగ బయటికి పోయే దారికి వాల్వు ఒక మూత. దాని పైన టాపెట్ దగ్గర తలవెంట్రుకంత సందు వదులుతారు. ఎందుకంటే వేడికి ఇనుము సాగుతుంది. ఆ సందు మరీ తగ్గిపోతే, వేడెక్కాక వాల్వు సాగి, మూత పూర్తిగా పడదు. కుక్కర్ రబ్బరు పాడైతే విజిల్ వస్తుందా? ఇదీ అంతే. అదుము తప్పించుకుని పోతుంది, అందుకే కిక్కు తేలిగ్గా పోతుంది. సందును ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే కొలిచి పెట్టాలి. వేడి మీదనే తిప్పేసి పంపే మెకానిక్‌ను నమ్మకండి.

రెండోది పాళ్లు. బండి నడుస్తున్నప్పుడు గాలి తగిలి కార్బురేటర్ చల్లగా ఉంటుంది. ఆపగానే గాలి ఆగుతుంది, ఇంజిన్ వేడి దానికెక్కుతుంది. లోపలి పెట్రోలు ఆవిరై దారంతా నిండుతుంది. పెట్రోలు ఎక్కువ, గాలి తక్కువ. అప్పుడు చోక్ గుంజితే ఏమవుతుంది? చోక్ పని గాలిని తగ్గించడం. అసలే పెట్రోలు ఎక్కువై ఉక్కిరిబిక్కిరవుతున్నదానికి గాలి కూడా మూసినట్టు! రోడ్డు మీద మనకు ముందుగా దొరికే సలహా ఇదే, వేడి బండికి పనికిరానిదీ ఇదే. చోక్ పూర్తిగా తీసేసి, యాక్సిలరేటర్ నిండా తిప్పి పట్టుకుని నాలుగు కిక్కులు కొట్టి చూడాలి. మాటిమాటికీ ఇలా అవుతుంటే కార్బురేటర్ లోపలి ఫ్లోట్ సూది కారుతోందేమో చూపించాలి. ఇక మా ప్రాంతపు ప్రత్యేకత బొగ్గుదుమ్ము. ఓపెన్‌కాస్టుల పక్కన తిరిగే బండికి ఎయిర్ ఫిల్టర్ తొందరగా మూసుకుపోతుంది. కిటికీ చువ్వల మీది నల్లదుమ్మును పొద్దునా సాయంత్రం తుడుస్తాం కదా, అదే దుమ్ము బండి ముక్కులోనూ ఉంటుంది.

మూడోది నిప్పు. కాయిల్లో సన్నటి తీగ చుట్టలుంటాయి. లోపల ఎక్కడో చిట్లిన తీగ చల్లగా ఉంటే అంటుకుని ఉంటుంది, వేడికి విడిపోతుంది. చల్లారితే మళ్లీ కలుస్తుంది. మెకానిక్కులు 'కరెంటు వస్తలేదు' అనేది దీన్నే. ప్లగ్గులో నిప్పు వస్తోందో లేదో బండి ఆగిన ఆ వేడిలోనే చూడాలి. ఆ పరీక్ష మాత్రం మెకానిక్కే చేయాలి, పెట్రోలు దగ్గర నిప్పుతో మనం ఆటలాడకూడదు.

ఇంకో చిన్న సంగతి. పెట్రోలు టాంకు మూతకు సన్నటి కంత ఉంటుంది. అది మూసుకుపోతే లోపలికి గాలి పోదు, పెట్రోలు కిందికి దిగదు. బండి ఆగినప్పుడు మూత ఒకసారి తీసి వేయండి. 'స్' మని గాలి పీల్చి, ఆ తరువాత బండి లేస్తే దొంగ దొరికినట్టే. 2020 ఏప్రిల్ నుంచి అమ్ముతున్న బీఎస్-6 బళ్లలో చాలావాటికి కార్బురేటరూ, చోకూ లేవు. వాటిలో తాళం తిప్పగానే ఇంజిన్ గుర్తు లైటు వెలిగి ఆరిందా, ఆరకుండా ఉందా అన్నది చూసి చెప్పాలి. మా వీధుల్లో పాతబళ్లకు మాత్రం ఇంకా లోటు లేదు.

కార్బురేటర్ మగవాళ్ల ఆస్తా?

'ఇవన్నీ మగవాళ్లకు తెలుస్తాయి' అనేవాళ్లకు ఒక కథ చెప్పాలి. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ యుద్ధ విమానాలకు ఒక చిక్కు ఉండేది. విమానం ఒక్కసారిగా ముక్కు కిందికి వంచితే కార్బురేటర్లో పెట్రోలు పొంగి ఇంజిన్ ఆగిపోయేది. శత్రువు వెంటపడుతుంటే ఇంజిన్ ఆగితే ఇంకేముంది? 1941లో దానికి విరుగుడు కనిపెట్టింది బియాట్రిస్ షిల్లింగ్ అనే ఇంజనీరు. మధ్యలో చిన్న కంత ఉన్న ఇత్తడి బిళ్ల, అంతే. పెట్రోలు అవసరమైనంతే పోయేది. ఈ షిల్లింగ్ పద్నాలుగేళ్లకే మోటారు సైకిలు కొనుక్కున్న పిల్ల. 1934లో బ్రూక్‌లాండ్స్ పందెపు బాటలో గంటకు నూరు మైళ్లకు మించిన వేగంతో నార్టన్ బండి నడిపి గోల్డ్ స్టార్ అందుకుంది. అంతకు ముందు 1888లోనే జర్మనీలో బెర్తా బెంజ్ భర్త చేసిన కారును తీసుకుని, పిల్లలిద్దరినీ ఎక్కించుకుని, నూరు కిలోమీటర్లకు పైగా పోయింది. దారిలో పెట్రోలు గొట్టం మూసుకుపోతే టోపీ పిన్నుతో పొడిచి బాగుచేసుకుందట!

అంతదూరం ఎందుకు, మన గనులనే చూద్దాం. 1952 గనుల చట్టం ఆడవాళ్లను భూగర్భంలోకి దిగనివ్వలేదు. 2019లో కేంద్ర ప్రభుత్వం సాంకేతిక, పర్యవేక్షణ, మేనేజరు పనులకు పగటివేళ అనుమతి ఇచ్చింది. 2021లో మన భూపాలపల్లి అమ్మాయి సంధ్య రసకట్ల హిందుస్తాన్ జింక్ సంస్థలో భూగర్భ గని మేనేజరయింది. గని యంత్రాల దగ్గర ఆడపిల్ల నిలబడిన ఈ రోజుల్లో, ఇంటి ముందున్న మోటారు సైకిలు సంగతి మనకు తెలియకూడదా?

'ఇంటిపని, పిల్లల చదువు, బయటిపని చాలక ఇక బండి రిపేర్లూ మా నెత్తినేనా?' అని మీలో కొందరు విసుక్కోవచ్చు. న్యాయమైన మాటే. స్పానర్ పట్టుకోమని నేను అనడం లేదు. మందులు తయారు చేయడం రాకపోయినా జ్వరం ఎప్పుడొచ్చింది, ఎంత వచ్చింది అని చెప్పగలుగుతున్నాం కదా. అంతే చాలు. తెలుసుకోవడం పని పెంచదు, పక్కవాళ్ల మీద ఆధారపడడాన్ని తగ్గిస్తుంది. తెలియనితనానికి మనం కట్టే జరిమానా పెద్దది. అది మెకానిక్ బిల్లులో ఒక్కటే కాదు, 'ఆడోళ్లకు రాదు' అన్న నవ్వులోనూ ఉంటుంది.

కనుక బండి మొరాయిస్తే ఈ నాలుగూ గుర్తుపెట్టుకోండి: ఎంతసేపు నడిచాక ఆగింది, ఎంతసేపటికి మళ్లీ లేచింది, అప్పుడు కిక్కు బరువుగా ఉందా తేలిగ్గా ఉందా, పెట్రోలు వాసన కొట్టిందా లేదా. బండిని వేడి మీదనే తీసుకుపోండి. మాట్లాడేది మీరే మాట్లాడండి. 'సారును పంపండి' అంటే, 'నడిపేది నేను, నాకే చెప్పు తమ్మీ' అనండి. మార్చిన పాత సామాను చేతికి అడిగి తీసుకోండి.

మగవాళ్లకూ ఒక మాట. మీరేమీ కార్బురేటర్‌తో పుట్టలేదు. ఎవరో స్నేహితుడు చెబితే, షెడ్డు దగ్గర నిలబడి చూస్తే నేర్చుకున్నారు. ఆ నిలబడే చోటు ఆడవాళ్లకు ఇంతవరకు దొరకలేదు, తేడా అంతే. తెలిసిన నాలుగు ముక్కలు ఇంట్లో చెప్పండి.

సింగరేణి సేవా సమితి కార్మికుల ఇళ్లలోని ఆడవాళ్లకు కుట్టుపని వంటివి నేర్పుతోంది, సంతోషం. దానికి తోడు రెండు రోజులు ఒక అనుభవమున్న మెకానిక్‌ను పిలిపించి, బండి ఎట్లా పనిచేస్తుందో, ఎందుకు ఆగుతుందో చెప్పిస్తే ఖర్చెంత అవుతుంది? కాలనీ కమ్యూనిటీ హాలు ఉంది, నేర్చుకునే చేతులున్నాయి, ఆపి చూపించడానికి ఇంటింటికీ ఒక బండి ఉంది. మహిళా సంఘాలు ఒక్కసారి గట్టిగా అడిగితే కాదనేదెవరు?

వచ్చే ఎండాకాలానికి ముందే అడుగుదాం. ఏమంటారు?