పరీక్ష బిడ్డకా, పాఠశాలకా?

వేసవి యెండలు ముదురకమునుపే మన నగరమున తల్లిదండ్రులకు మరియొక తాపము మొదలగుచున్నది. అయిదవ తరగతి ముగించిన బిడ్డను ఏ ఉన్నత పాఠశాలలో చేర్పింపవలెనను విచారముతో వారు అమీరుపేట మైత్రీవనము మొదలు పంజాగుట్ట కూడలి వరకును తిరుగుచున్నారు. కంప్యూటరు కొలువులకు శిక్షణనిచ్చు సంస్థలకు దేశమంతట పేరొందిన పేట యిది. ఆ బోర్డుల నడుమనే పాఠశాలల బోర్డులును వ్రేలాడుచుండుటచేత కాబోలు, పదునొకండేండ్ల పసివానికి ఐ.ఐ.టి. పునాది వేయుదుమను ప్రకటనలు ఇచ్చట నెవరికిని వింతగా తోచుట లేదు.

ఇటీవల మా మిత్రులొకరు తమ కుమార్తెను ఆరవ తరగతిలో చేర్పింపబోవుచు మమ్ము తోడు రమ్మనిరి. పేరు చెప్పనొల్లని యొక పాఠశాలలో మమ్ము చల్లని గదిలో కూర్చుండబెట్టి, బాలికను లోనికి గొనిపోయి గంటసేపు గణితమునందును, ఆంగ్లమునందును పరీక్షించిరి. పిదప గుమాస్తా వచ్చి, ఈ అమ్మాయి మా స్థాయికి చాలదని బిడ్డ యెదుటనే చెప్పెను. తరగతి గదులు చూపుమనగా అనుమతి లేదనెను. తిరిగి వచ్చునపుడు ఆ బాలిక మెట్రో కిటికీవైపు మొగము త్రిప్పుకొని యొక్క మాటయు పలుకలేదు. తండ్రి కోపింపలేదు; ట్యూషను పెట్టించి మరుసటి యేడు మరల తీసికొనివత్తుననిరి. మాకు మిగుల కష్టము తోచినది ఈ మాటయే.

2010 ఏప్రిల్ 1వ తేదీన అమలులోనికి వచ్చిన 2009 నాటి విద్యాహక్కు చట్టపు 13వ సెక్షను, ఆరు మొదలు పదునాలుగేండ్ల వయసు గల పిల్లలను చేర్చుకొనునపుడు వారిని గాని, తల్లిదండ్రులను గాని వడపోత పరీక్షకు లోబరుపరాదని నిషేధించినది. సీట్లకన్న దరఖాస్తులు మిక్కుటమైనచో చీట్లు తీయవలసినదే. మొదటి తప్పునకు 25,000 రూపాయల వరకును, తరువాతి ప్రతి తప్పునకు 50,000 రూపాయల వరకును జుల్మానా గలదు. ప్రకటించిన ఫీజునకు మించి విరాళమను పేర పుచ్చుకొన్నచో ఆ మొత్తమునకు పదిరెట్ల వరకు చెల్లింపవలసి వచ్చును. మైనారిటీ పాఠశాలలకు ఈ చట్టము వర్తింపదని సుప్రీంకోర్టు 2014లో తీర్పు చెప్పినది. మేము పోయినది అట్టి పాఠశాల కాదు.

చట్టమున్నను ఫిర్యాదు చేయువారేరీ? రేపు బిడ్డ ఆ గడపయే తొక్కవలెను గదా యని తండ్రి వెనుదీయును. కచ్చేరీలలో తిరుగు మేము ఈ భయమునెరుగుదుము, దానిని పరిహసింపము. అయినను జిల్లా విద్యాశాఖాధికారికి పదిమంది తండ్రులు చేరి వ్రాసిన అర్జీయం దొక్కని బిడ్డ వేరుగా కనబడదు.

నిజముగా పరీక్షింపవలసినది పాఠశాలను. గోడపై ర్యాంకుల బొమ్మలు చూపుదురు. బొమ్మకెక్కని పిల్లలేమైరని యడుగుడు. ఆరవ తరగతి గణితోపాధ్యాయుడు ఎన్నియేండ్లుగా అచ్చట నున్నాడో విచారింపుడు. బాలికల మరుగుదొడ్డి చూడుడు. అంగళ్లపైనున్న మూడవ అంతస్తున తరగతులు నడచుచున్నచో నిప్పు అంటుకొన్ననాడు దిగుటకు రెండవ మెట్లదారి యేదో వెదకుడు. తెలంగాణమున 2018 నాటి చట్టముచే ఏ బోర్డు పాఠశాలయందైనను తెలుగు నేర్పితీరవలెను. కావున తెలుగు పంతులుగారిని చూపుడని యడుగుట మీ హక్కు. చూపనివారికి దాచవలసినదేదో యున్నదని మా యనుమానము.

ఆ దారిలోనే సర్కారు బడి కలదు. ఆంగ్లమాధ్యమము లేదని దానిని త్రోసిపుచ్చువారు, 2022-23లో ఆ మాధ్యమమును అట్టి బడులలో ప్రవేశపెట్టిన సంగతి మరచుచున్నారు. అచ్చట కొరతలు లేవని మేమనము. గేటు దాటి లోనికి పోయి చూడకయే తీర్పు చెప్పుట మాత్రము మా వృత్తియందు చెల్లదు.

మా మిత్రులు మూడు దినములు తటపటాయించి, నాలుగవనాడు వచ్చి అర్జీపై సంతకము చేసిరి. ఆ కాగితము మా బల్లపై నున్నది. ఇప్పటికి ఆరు సంతకములైనవి. ఇంక నలుగురు కావలెను.