పరుగు దారి ఎవరిది?

జపాన్‌లో దూరపు పరుగు అనగానే వినిపించేవి మగవాళ్ళ కథలే. దొంగను తరిమి పట్టుకున్న దేవుడు ఇదాతెన్ (మన స్కందుడే బౌద్ధంతో పాటు అక్కడికి వెళ్ళి ఇలా మారాడంటారు). ఎదో, క్యోటోల మధ్య దాదాపు 500 కిలోమీటర్ల దారిలో ఉత్తరాల మూటలు చేతులు మార్చుకుంటూ పరుగెత్తిన హిక్యకులు. 1912లో స్టాక్‌హోం ఒలింపిక్ మారథాన్‌లో ఎండకు తాళలేక ఆగిపోయి, 1967లో అక్కడికే పిలిపించుకుని పరుగు పూర్తిచేసిన కనకురి షిజో.

ముచ్చటైన కథే. ఆగిపోయిన మగవాడి కోసం లోకం 54 ఏళ్ళు ఆగింది. మరి పరుగు పూర్తిచేసిన ఆడవాళ్ళ సంగతి?

1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో జపాన్ జట్టులో ఉన్న ఒకే ఒక్క స్త్రీ హితోమి కినుయె. 100 మీటర్లలో ఫైనల్‌కు చేరలేదు. ఒట్టి చేతులతో వెళ్ళడం ఇష్టం లేక, తనకు అలవాటే లేని 800 మీటర్లలో దిగి రజతం గెలిచింది. ఆ రోజుల్లో ఒలింపిక్స్‌లో స్త్రీలకు అనుమతించిన అతి పెద్ద దూరం అదే. ఫైనల్లో పరుగెత్తిన తొమ్మిది మందీ గీత దాటారు. పత్రికలు మాత్రం ఆడవాళ్ళు కుప్పకూలిపోయారని రాశాయి. పందెం అయ్యాక మగవాళ్ళు నేల మీద పడుకుంటే అది వీరోచితం! ఆ సాకుతో ఆ పోటీని ఎత్తివేశారు. మళ్ళీ పెట్టింది 1960లో. పత్రికా విలేఖరిగా పనిచేస్తూ, 1930లో తోటి అమ్మాయిలను ప్రాగ్ పోటీలకు తీసుకెళ్ళడానికి చందాలు పోగుచేసిన హితోమి, 1931లో న్యుమోనియాతో పోయింది. ఆమెకప్పుడు 24 ఏళ్ళు.

ఒలింపిక్స్‌లో స్త్రీల మారథాన్ 1984లో గానీ రాలేదు. 1992లో హితోమి పుట్టిన ఒకయామా నుంచే వచ్చిన అరిమోరి యూకో అందులో రజతం తెచ్చింది. 2000లో తకహాషి నవోకో స్వర్ణం గెలిచి, మరుసటి ఏడాది బెర్లిన్‌లో 2 గంటల 20 నిమిషాల లోపు మారథాన్ ముగించిన తొలి స్త్రీ అయింది.

అయినా, 1920లో మొదలైన హకోనె ఎకిదెన్ నేటికీ మగ విద్యార్థులదే. జనవరి 2, 3 తేదీల్లో టోక్యో నుంచి హకోనెకు, తిరిగి టోక్యోకు 217 కిలోమీటర్ల రిలే. దేశమంతా టీవీల ముందు కూర్చునేది దీనికే. ఆడపిల్లలకు వేరే ఎకిదెన్‌లున్నాయి కదా అంటారు. ఉన్నాయి. ఆ దారి, ఆ జనం, ఆ పేరు మాత్రం వాళ్ళవి కావు.

శరీరం తట్టుకోదని అనే ధైర్యం ఇప్పుడెవరికీ లేదు. ఇది సంప్రదాయం అంటారు. వెయ్యి రోజుల కొండదారి దీక్షకు పేరుపొందిన హియెయ్ పర్వతం మీద ఆడవాళ్ళు అడుగు పెట్టకూడదన్నది కూడా వందల ఏళ్ళ సంప్రదాయమే. 1872లో ఒక్క ప్రభుత్వ ఉత్తర్వుతో అది రద్దయింది.